గుండె జారడమంటే

కిందటి వారం మనం అత్తయ్యని చాలా ఇబ్బందికరమైన చోట వదిలేశాం. కుట్టు దుకాణంలో కత్తిరింపు బల్లకీ మిషనుకీ మధ్య ఉన్న ఇరుకు సందులో ఆవిడ వెల్లకిలా పడి ఉంది. చేతిలో సగం కుట్టిన కాలరు. మొహాన నీళ్ళు చల్లబోయిన మామయ్య కంగారులో బొత్తాల డబ్బా బోర్లించాడు. ఆ చప్పుడుకి అత్తయ్య కళ్ళు తెరిచి, "అవన్నీ ఎవరేరుతారు?" అని అడిగింది. తిట్టే ఓపిక ఉంది కాబట్టి భయం లేదని మామయ్య తేల్చేశాడు. మేనకోడలు ఆయన మాట చెవిన వేసుకోలేదు. అత్తయ్యని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, తను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చేసింది.

ఈ మేనకోడలే మన డాక్టరమ్మ. ఇంట్లో చిట్టి. ఆసుపత్రిలో మేడం. దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ పైపుల డాక్టరు. ఆ బిరుదు అత్తయ్య ఇచ్చిందే. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాలు పూడుకుపోతే, సన్నటి గొట్టం లోపలికి పంపి, పూడిక తెరిచి, మళ్ళీ మూసుకుపోకుండా చిన్న స్ప్రింగులాంటిది నిలబెట్టి రావడం చిట్టి పని. అందులో ఆమె చెయ్యి మహా నాజూకని పెద్ద డాక్టర్లే ఒప్పుకుంటారు. ఆ నాజూకు మా కుట్టు దుకాణం పెట్టిన భిక్ష అని అత్తయ్య అందరికీ చెబుతుంది.

అది గుండె జబ్బుల పెద్దాసుపత్రి. గుండె ఒక్కటే అయినా దాన్ని పంచుకున్నవాళ్ళు చాలామంది. నాళాలు చూసేవాళ్ళు వేరు. కవాటాలు చూసేవాళ్ళు వేరు. గుండె కండరం నీరసించిపోతే చూసేవాళ్ళు వేరు. కొట్టుకునే తీరు తప్పితే చూసేవాళ్ళు వేరు. చిట్టి ఇదంతా మొదటిసారి వివరించినప్పుడు అత్తయ్య పంటితో దారం తెంపుతూ వింది.

"అంటే పైపులకొకరు, తలుపులకొకరు, మోటారుకొకరు, కరెంటుకొకరు! మనం ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా ఇంతమందిని పిలవలేదు కదే!" అని ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు అదే అత్తయ్య ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఉదయం ఎండ దుప్పటి మీద పడుతోంది. ఆవిడ ఆ దుప్పటి అంచు పట్టుకుని, కుట్టు ఎంత వంకరగా ఉందో మామయ్యకి చూపిస్తోంది.

"చూడండి, చూడండి. ఇది కుట్టా, కోడి గీకిందా?"

"ఆసుపత్రికొచ్చింది దుప్పట్లు చూడ్డానికా?" అన్నాడు మామయ్య.

"మరి ఇంకేం చూడను? నాకే జబ్బూ లేదని మీరే అంటిరి."

చిట్టి లోపలికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. సొంత మనిషి విషయంలో చెయ్యి వణుకుతుందని, నాళాల పరీక్ష తను చెయ్యకుండా తన కన్నా పెద్దాయన చేత చేయించింది. అద్దం అవతల నిలబడి చూస్తున్నంతసేపూ ఊపిరి తీసుకుందో లేదో ఆమెకే తెలియదు.

"అత్తయ్యా, నీ పైపులు కడిగి పెట్టినట్టున్నాయి. ఎక్కడా పూడిక లేదు. మా పెద్దాయన, ఈ వయసులో ఇలాంటివి చూడలేదన్నాడు."

"నేను ముందే చెప్పానా లేదా? పొద్దున్నుంచీ ఏమీ తినకుండా మిషను ముందు కూర్చున్నాను. కళ్ళు తిరిగాయి. దానికి ఇంత రాద్ధాంతం! అటు బడి తెరిచే టైమవుతోంది, పిల్లల యూనిఫాంలు అలాగే ఉన్నాయి. నన్ను ఇంటికి పంపెయ్యి."

"సాయంత్రం పంపిస్తాలే. అంతదాకా బుద్ధిగా పడుకో."

చిట్టి మంచం అంచున కూర్చుని అత్తయ్య భుజం మీద తల వాల్చింది. ఆసుపత్రిలో మేడం అలా కూర్చోవడం ఎవరైనా చూస్తే రేపటికల్లా అన్ని అంతస్తులకీ పాకిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, అయినా కూర్చుంది. తల్లి మొహం ఎరగని పిల్లని ఈ భుజమే మోసింది. ఈవిడకేదైనా అయితే తనకిక ఇంటికి వెళ్ళాలనిపించే ఇల్లుండదని నిన్నంతా ఆమెకి ఒకటే భయం. ఇప్పుడా భయం దిగిపోయి, ఒంట్లో నీరసం మాత్రం మిగిలింది.

గుండె కొట్టుకునే తీరు కనిపెట్టడానికి అత్తయ్య ఛాతీ మీద అంటించాల్సిన తీగలు మంచం పక్కన వేలాడుతున్నాయి. రాత్రే ఆవిడ, నన్ను బందిపోటులా కట్టేశారని ఇల్లు పీకి పందిరేస్తే, హెడ్ సిస్టరు వద్దంటున్నా చిట్టి తీయించేసింది. వేరే ఏ రోగి అడిగినా ఆమె ఒప్పుకునేది కాదు. మొదట తీసిన ఈసీజీ గీతల్లో గుండె పై గదుల్నించి కింది గదులకి కబురు కొంచెం ఆలస్యంగా దిగుతోందని కూడా ఆమె చూసింది. వయసు అనుకుని పక్కన పెట్టేసింది. ప్రేమకి కళ్ళుండవంటారు గానీ, ఉంటాయి. కాకపోతే తను చూడాలనుకున్నవే చూస్తాయి. మన డాక్టరమ్మ ఆ పూట పైపులు చూడాలనుకుంది, పైపులు చూసింది.

"కాలరుకి బక్రం గుడ్డ మీరు వేస్తారా, నేనొచ్చాక వెయ్యనా?" అని అత్తయ్య మామయ్యని అడుగుతోంది. "మీరు వేస్తే అది..."

మాట ఆగింది.

చాలా చిన్న ఆగడం. గది బయట ఎవరో బండి తోసుకుంటూ పోతున్నారు. అత్తయ్య చెయ్యి ఛాతీ మీదకి వెళ్ళింది. పెదవుల రంగు ఒక్క క్షణం పోయి, మళ్ళీ వచ్చింది.

"హమ్మ! గుండె జారిందే," అని నిట్టూర్చి, "మీరు వేస్తే అది బిరుసుగా నిలబడుతుంది. ఆ పిల్లలు మెడ తిప్పలేరు," అని వాక్యం పూర్తి చేసింది.

మామయ్య నవ్వాడు. "ఈవిడ జార్చిన గుండెలన్నీ ఏరి పెట్టుంటే నా బొత్తాల డబ్బా నిండేది."

అది ఆ ఇంట్లో పాత హాస్యం. అత్తయ్య గుండె జారడం కొత్తేమీ కాదు. దారం తెగితే జారేది. ఫోను మోగితే జారేది. కుట్టించుకున్నావిడ చొక్కా చిరిగిందని తెచ్చి చూపిస్తే జారేది. చిట్టి పరీక్ష ఫలితాలప్పుడయితే పూటకోసారి జారేది. ఇంట్లో ఎవరూ ఆ మాటని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. చిట్టి కూడా ఎప్పటిలాగే నవ్వబోయింది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇప్పుడు దారం తెగలేదు. ఫోను మోగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కాలరు లోపల పెట్టే బక్రం గురించి మాట్లాడుకునేటప్పుడు గుండె జారాల్సినంత విషయం ఏముంది?

ఆమె భుజం మీద నించి తల ఎత్తి, లేచి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. రోజూ కింద తన గదిలో రోగుల ఎదుట ఎలా కూర్చుంటుందో అలా.

"అత్తయ్యా, గుండె జారడమంటే ఏంటి?"

"అదేం ప్రశ్నే? గుండె జారడమంటే గుండె జారడమే."

"భయమేసిందనా?"

"భయమా? నాకా?" అత్తయ్యకి రోషం వచ్చింది. "నేను దేనికి భయపడ్డానే ఇన్నేళ్ళలో? మీ నాన్న పోయిన నెలకి దుకాణం తెరిచాను, భయపడ్డానా? ఇంటాయన ఖాళీ చెయ్యమంటే ఎదురు తిరిగాను, భయపడ్డానా?"

"మరి?"

"మరి ఏముంది? జారుతుంది. ఇదిగో, ఇక్కణ్ణించి..." అని గొంతు కింద వేలు పెట్టి, పొట్ట దాకా గీసింది. "ఇలా దిగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. లోపల ఖాళీ. తర్వాత ఎక్కణ్ణించో వచ్చి దబ్బున పడుతుంది. ఆ పడ్డం మాత్రం గట్టిగా పడుతుంది. మిషను కుట్టు ఎగరేస్తుంది చూడూ, అలాగ. చక్రం తిరుగుతూనే ఉంటుంది, సూది దిగుతూనే ఉంటుంది, కుట్టు పడదు. ఆ తర్వాత పడే కుట్టు బట్టని లాగేస్తుంది."

చిట్టి కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కుంది.

రోజూ ఎంతమందిని అడుగుతుంది తను! నొప్పి బరువుగా ఉంటుందా, మంటగా ఉంటుందా? దడ ఒక్కసారిగా మొదలవుతుందా, మెల్లగానా? ఏ ముసలాయన ఏ మాట వాడినా, దాని వెనక ఏముందో తవ్వి తీసేదాకా వదలదు. ఇంట్లో మాత్రం ఇంత పెద్ద మాట ఇన్నేళ్ళుగా మిషను పక్కన కూర్చుని వినిపిస్తూనే ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పలేదా?" అత్తయ్య నిజంగానే తెల్లబోయింది. "రోజూ చెబుతూనే ఉన్నానుగా! నువ్వు నవ్వేదానివి. గుండె డాక్టరు నవ్విందంటే ఏమీ లేదనేగా అర్థం? నేనూ నవ్వేసేదాన్ని."

ఆవిడ దెప్పిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. తిట్టినా బాగుండేదని చిట్టికి అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తీగలు సర్దే నెపంతో అటు తిరిగింది. ఒక్కొక్క తీగా అంటించింది. హెడ్ సిస్టరు వచ్చి, రాత్రి తను చెప్పిన మాట గుర్తున్నా గుర్తు చెయ్యకుండా, మంచం పక్కన గుండె గీత చూపించే తెర వెలిగించి వెళ్ళింది. మంచి మనిషి.

పచ్చటి గీత పరుగెత్తడం మొదలుపెట్టింది. చిన్న గుట్ట, పెద్ద శిఖరం, చిన్న గుట్ట, పెద్ద శిఖరం. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"బాగానే ఉందిగా," అన్నాడు మామయ్య.

కాసేపటికి చిన్న గుట్ట వచ్చింది. పెద్ద శిఖరం రాలేదు. మళ్ళీ చిన్న గుట్ట ఒక్కటే వచ్చింది. మళ్ళీ అంతే. తెర కీచుమని అరిచింది. చిట్టి అప్పటికే లేచి నిలబడింది. అప్పుడొచ్చింది పెద్ద శిఖరం.

"ఇదిగో, ఇప్పుడే జారింది," అంది అత్తయ్య, తన మాట రుజువైనందుకు కొంచెం గర్వంగా.

పైపులు కడిగి పెట్టినట్టున్నాయి. కానీ పై గది నుంచి కింది గదికి కరెంటు అందడం లేదు. ఒకరోజు అది ఇంకాస్త ఎక్కువసేపు అందకపోతే, అత్తయ్య కళ్ళు తెరిచి బొత్తాల గురించి అడగదు. అలాంటి మనిషిని తను సాయంత్రం ఇంటికి పంపించబోయింది.

ఇది తన పని కాదు. ఈ పని తెలిసినవాడు ఇదే ఆసుపత్రిలో, ఇదే కప్పు కింద, ఒక అంతస్తు పైన ఉన్నాడు. అతన్ని పిలవాలంటే ఈ గదిలో ఇద్దరు ఆడవాళ్ళు తమ అభిమానాన్ని పక్కన పెట్టాలి.

ఎప్పటినుంచో మన కథ చదువుతున్నవాళ్ళకి అతనెవరో చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. గుండె కొట్టుకునే తీరు తప్పితే సరిచేసే ఆ డాక్టరుకీ చిట్టికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కిందటేడు అతను చక్కగా తల దువ్వుకుని, అత్తయ్యని పిల్లనడగడానికి దుకాణానికి వచ్చాడు. నువ్వేం చేస్తావు బాబూ అని ఆవిడ అడిగింది. గుండెలో కరెంటు పని చూస్తానండీ అని అతను వినయంగా చెప్పాడు. కరెంటు అన్న మాట వినబడగానే అత్తయ్య కళ్ళు మెరిశాయి. పొద్దున్నించీ మొరాయిస్తున్న ఇస్త్రీపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. కాదనలేకపోయాడు పిచ్చివాడు. విప్పాడు, బిగించాడు, స్విచ్చి వేశాడు. దుకాణంతో పాటు పక్కనున్న మందుల షాపు కూడా చీకటైపోయింది.

ఫ్యూజు ఎగరగొట్టినవాడి చేతిలో పిల్లనెలా పెడతానని అత్తయ్య భీష్మించుకుంది. చిట్టి నవ్వి తీసి పారేస్తుందనుకున్నాడు అతను. చిట్టి నీళ్ళు నమిలింది. అత్తయ్య కాదన్న పని చేయడం ఆమెకి చేతకాదు. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ లిఫ్టులో ఎదురుపడితే అంతస్తుల నంబర్ల వైపు చూస్తూ నిలబడుతున్నారు.

"అత్తయ్యా," అంది చిట్టి, "కరెంటు డాక్టర్ని పిలవాలి."

అత్తయ్య తెర వైపు చూసింది. మేనకోడలి మొహం వైపు చూసింది.

"వేరే ఎవరూ లేరా?"

"ఉన్నారు. ఇతనంత బాగా చేసేవాళ్ళు లేరు."

"అంత బాగా చేస్తాడా?"

"నా గుండె అయితే అతని చేతిలోనే పెడతాను," అంది చిట్టి. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి.

అత్తయ్య ముసిముసిగా నవ్వుకుంది. "పిలువు అయితే. ఇస్త్రీపెట్టె కాదుగా, నేను దగ్గరుండి చూసుకుంటాలే."

ఫోను చేసినంతసేపు పట్టలేదు అతను రావడానికి. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగినట్టున్నాడు, రొప్పుతున్నాడు. చిట్టి వైపు చూడకుండా తిన్నగా తెర దగ్గరికి వెళ్ళాడు. సిస్టరు తీసి పెట్టిన గీత కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూశాడు. అప్పుడు అత్తయ్య వైపు తిరిగి, కుర్చీలో కాకుండా, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎలా ఉన్నారమ్మా?"

"నేను బాగానే ఉన్నాను. ఇస్త్రీపెట్టె కొత్తది కొన్నాం."

"మంచి పని చేశారు," అన్నాడు అతను నవ్వకుండా. నవ్వు కళ్ళల్లో ఉంది. "మీ గుండె కొట్టుకోవడం మధ్యమధ్య మానేస్తోంది. పైపులూ తలుపులూ మోటారూ అన్నీ బాగున్నాయి. పైనుంచి కిందికి వచ్చే తీగ పాతబడింది, అంతే. భుజం ఎముక కింద, చర్మం లోపల, ఒక చిన్న పెట్టె పెడతాను. అందులోంచి సన్నటి తీగ గుండెలోకి వెళుతుంది. గుండె తనంతట తను కొట్టుకున్నంతసేపూ అది ఊరుకుంటుంది. ఎప్పుడు మానేయబోతే అప్పుడు చిన్నగా తడుతుంది. ఈ పూటే పెట్టెయ్యాలి. ఇంటికి వెళ్ళడానికి మాత్రం వీల్లేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"మీరు రెండు చొక్కాలు కుట్టేంత."

"ఫుల్ చేతులవా, హాఫ్ చేతులవా?"

"హాఫ్ చేతులవి."

అత్తయ్యకి ఆ జవాబు నచ్చింది. కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒక మాట చెబుతాను బాబూ, వింటావా? ఫ్యూజు ఎగిరిపోవడం నెపం. ఎవరికి ఎగరదు? మా ఆయన ఎన్నిసార్లు ఎగరగొట్టాడో. నువ్వు దీన్ని తీసుకెళ్ళిపోతావని నాకు ఏడుపొచ్చింది. పొద్దున్నే లేచి దీని మొహం చూడందే నాకు మిషను ముందు కాలాడదు. ఆ మాట పైకి చెప్పుకోలేక ఇస్త్రీపెట్టె మీద పెట్టాను. దాని మనసూ నీ మనసూ కష్టపెట్టాను."

అతను తల వంచుకున్నాడు. "నేను ఎక్కడికీ తీసుకెళ్ళను అమ్మా. కావాలంటే నేనే మీ దుకాణం పైనున్న గదిలోకి వచ్చేస్తాను," అన్నాడు.

"ఆ గదిలో అస్తరు గుడ్డలున్నాయి."

"వాటితో పాటే ఉంటాను."

చిట్టి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు. ఏడాది నుంచి లిఫ్టులో చూసిన ఆ అంకెలన్నిటి మీదా ఆమెకి ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

అతను లేచి, మళ్ళీ డాక్టరై, మామయ్య వైపు తిరిగాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అండీ? ఈవిడ రక్తసంబంధీకుల్లో? ఈ తీగ పాడవడం ఒక్కోసారి కుటుంబాల్లో వస్తుంది. అందుకని అడుగుతున్నాను."

మామయ్య చేతిలో ఒక బొత్తాం ఉంది, నిన్న ఏరినప్పుడు జేబులో ఉండిపోయినట్టుంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నాడు.

"ఎవరికీ జబ్బుల్లేవు బాబూ. మా బావ ఉండేవాడు, ఈవిడ అన్నయ్య. చిట్టి వాళ్ళ నాన్న. చిన్నవయసులోనే పోయాడు. అది గుండెపోటు, వేరేది. కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి సుద్దతో గీత గీస్తూ గీస్తూ పోయాడు."

"ముందు నొప్పేమైనా అన్నాడా?"

"నొప్పేమీ అనలేదు. గుండె జారిందిరా అన్నాడు." మామయ్య చేతిలో బొత్తాం తిరగడం ఆగింది. "ఎప్పుడూ అనే మాటే. అన్నాచెల్లెళ్ళిద్దరికీ అదే ఊతపదం. వాళ్ళ నాన్నా అనేవాడట. నేనే వాళ్ళని ఆటపట్టించేవాణ్ణి, మీ ఇంట్లో గుండెలకి బొత్తాలు సరిగ్గా కుట్టలేదని..."

ఆ మాట ఎంత దూరం వెళుతుందో అప్పుడే ఆయనకి కూడా అర్థమవుతోంది.

చిట్టి కిటికీ ఊచ పట్టుకుంది. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ గుండెపోటు అన్నారు. అప్పట్లో గుండెతో పోయిన ప్రతివాడికీ అదే పేరు. గుండెపోటు అంటే నాళం పూడుకుపోవడమని పెద్ద తరగతుల్లో చదివింది. అయితే ఆ పూడికలే తీస్తానని పంతం పట్టింది. ఎంతమంది నాన్నల నాళాలు తెరిచి ఇళ్ళకి పంపిందో! ఒక్కొక్కరు లేచి కూర్చున్నప్పుడల్లా, ఆ రోజు తను ఉండి ఉంటే తన నాన్న కూడా ఇలాగే లేచి కూర్చునేవాడనుకుంది. లేచేవాడు కాదు. నాన్న పైపులు కూడా కడిగి పెట్టినట్టే ఉండి ఉంటాయి. ఆమె నేర్చుకున్నదంతా ఆమె నాన్నకి తప్ప అందరికీ పనికొచ్చింది.

అత్తయ్యకి ఇవేమీ తట్టలేదు. ఆవిడ పట్టుకున్న ముక్క వేరు.

"అవును బాబూ, అది మా ఇంటి మాట," అంది ముచ్చటగా. "ఈ పిల్లకీ వచ్చింది. ఇంత చదువు చదివిందా, అయినా మా మాటే మాట్లాడుతుంది. మొన్న మెట్లెక్కి వచ్చి, బ్యాగు కింద పడేసి, అత్తయ్యా గుండె జారిందే అంది. అచ్చం మా అన్నయ్యే."

అతను చేతిలో ఉన్న గీత కాగితం మంచం మీద పెట్టేశాడు.

"మేడం," అన్నాడతను. తర్వాత ఆ మాట వదిలేశాడు. "చిట్టీ. నీకు ఎన్నాళ్ళ నుంచి?"

"అదేం లేదు. అలవాటు మాట. నిద్ర సరిగ్గా లేక..."

ఇలాంటి జవాబు ఏ రోగి చెప్పినా ఆమె ఒప్పుకోదు. అతనూ ఒప్పుకోలేదు. నాలుగు అడుగుల్లో వచ్చి, అందరూ చూస్తుండగా, ఆమె కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

అత్తయ్య మామయ్యని మోచేత్తో పొడిచింది. "చూశారా, నా కళ్ళ ముందే! ఈ కాలం పిల్లలకి బొత్తిగా సిగ్గు లేదు," అంది. మొహం చాటంత అయింది. నిన్నటి నుంచి ఆవిడ మొహంలో అంత కళ రాలేదు. పోనీలెండి, పెద్దవాళ్ళం మనమే అటు తిరుగుదామని దిండు మీద పక్కకి ఒత్తిగిలింది కూడా.

చిట్టి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఏడాదిగా ఆ చెయ్యి కోసం ఎంత ఎదురుచూసిందో ఆమెకి తెలుసు. ఇప్పుడు అతని చూపు తన కళ్ళల్లో లేదని కూడా తెలుసు. అది తలుపు పైనున్న గోడ గడియారం మీద ఉంది. అతని మూడు వేళ్ళు ఆమె మణికట్టు మీద, బొటనవేలి కింద, సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

లెక్కపెడుతున్నాడు.

అత్తయ్య అటు తిరిగి నవ్వుకుంటూనే ఉంది. ఒకచోట అతని పెదవులు ఆగిపోయాయి. మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది.